జోడెద్దులు ఎవరి పాలయినాయి?

ట్రంకుపెట్టె అడుగున దొరికిన ఆ రేకు బిళ్ల ఇట్లా ఇయ్యి అమ్మణ్ణీ. రంగు పోయింది గానీ కాడి కట్టిన రెండెద్దులు ఇంకా కనపడతా ఉండాయి చూడు. ఇది కాంగ్రెస్ పాత గుర్తు. నువ్వు చూసే చెయ్యి గుర్తుకు ముందు ఆవూదూడ, ఆవూదూడకు ముందు ఈ జోడెద్దులు. మన కోలారు జిల్లా పల్లెల్లో ముసిలోళ్లు శానా కాలం ఓటంటే ఎద్దులే అనుకున్నారు. ఈ ఎద్దులు ఏమైపాయ తాతా అని అడిగినావు గదా, చెప్తా. మంట దగ్గరికి జరగండి అందరూ. చేతులు ఊరికే పెట్టుకోవద్దు, ఆ అనపకాయలు ఒలవండి. రేపు మీ అవ్వ పితికిపప్పు చేస్తాది.

ఆ ఎద్దుల్ని ఎవురూ దొంగిలించలే. సభలో ఎవురు కూర్చోవాల, ఎవురు కూర్చోకూడదు అని పెద్ద పెద్దోళ్లు తన్నుకోని పోగొట్టుకున్నారు. సభలో మాట్లాడిన మాటలు పేపర్లో వస్తాయి, జనం అవే చదువుతారు. నేను చూసిందాన్ని బట్టి, ఆ సభకు పేర్ల లిస్టు రాసేటప్పుడే సగం తీర్పు అయిపోయి ఉంటాది.

ముందు మెట్ల సంగతి వినండి, అది తెలీకపోతే కథ తెలీదు. కాంగ్రెస్‌లో అడుగు మెట్టు ప్రాథమిక సభ్యుడు. మా నాయన కాలంలో దానికి నాలుగణాల చందా. చందా కట్టి రసీదు తీసుకుంటే నువ్వు కాంగ్రెస్ మనిషివి. ఆ సభ్యులు కింద కమిటీల్ని ఎన్నుకుంటారు. బ్లాకు నుంచి ఒక మనిషి రాష్ట్ర కమిటీకి పోతాడు, ఆయన్నే డెలిగేటు అంటారు. దేశమంతటి నుంచి ఇట్లా వచ్చిన డెలిగేట్లే మహాసభలో కూర్చునేది, అధ్యక్షుని ఎన్నికలో ఓటు వేసేది. వాళ్లలో ఎనిమిదో వంతు మందిని వాళ్లే ఎన్నుకోని ఢిల్లీ కమిటీకి పంపిస్తారు, అది ఏఐసీసీ. దాని మీద వర్కింగ్ కమిటీ. కాగితం మీద శానా చక్కగా ఉంటాది. కానీ అడుగు మెట్టు మొత్తం ఒక రసీదు పుస్తకంలో ఉంటాది. ఆ పుస్తకం ఎవుని చంకలో ఉంటే తాలూకాలో వాడే లీడరు.

నాకు చేతిరాత బాగుండేది. 1967 ఎన్నికలు అయినాక బంగారుపేటలో సభ్యత్వ రిజిస్టరు రాసే పని నాకు తగిలించినారు. రాత్రిపూట పెట్రోమాక్స్ దీపం కింద కూర్చోని రసీదుల్లో ఉండే పేర్లు పుస్తకంలోకి ఎక్కించాల. ఒక దినం ఒక పెద్దమనిషి వచ్చినాడు. పేరు అడగొద్దండి, ఆయన మనవళ్లు మనకు పొలం గట్టు పక్కోళ్లే. ఒక కట్ట రసీదులు బల్ల మీద వేసి, చందా డబ్బు ఇచ్చినాడు. అంతా కొత్త నోట్లు. ఇన్ని వందల మంది కూలీనాలీ జనం కట్టిన డబ్బు అయితే చిల్లర గలగలమనాల గదా! రసీదులు తిప్పినా. మునెప్ప, మునిశామి, మునివెంకటప్ప, మునియమ్మ. మన కోలారులో రాయికి రాయికి ఒక మునెప్ప ఉంటాడు కాబట్టి పేర్లతో పట్టుకోలేం. వేలిముద్రలు చూసినా. అన్నీ ఒకటే బొటనవేలు, ఒకసారి అటు వాల్చి, ఒకసారి ఇటు వాల్చి ఒత్తినారు. ఆ వేలికి నడిమధ్య కొడవలి కోసిన గాటు ఉంది, ఆ గాటు ప్రతి ముద్రలోనూ దిగింది. "ఏమన్నా ఇది?" అంటే, "నువ్వు రాయప్పా, అవతలోళ్ల కట్ట ఇంకా పెద్దది" అన్నాడు. నేను రాయనన్నా. ఇంకొక పిల్లోడు రాసినాడు. ఆ ఏడాది మా బ్లాకు డెలిగేటు ఆయనే.

ఇది మా కాలంలో పుట్టిన రోగం అనుకోవద్దండి. 1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్షుని ఎన్నిక జరిగింది. ఒక పక్క సుభాష్ చంద్రబోసు, ఇంకొక పక్క మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. గాంధీ మద్దతు పట్టాభికి. డెలిగేట్లు ఓట్లు వేస్తే బోసుకు 1580, పట్టాభికి 1377. పట్టాభి ఓటమి నా ఓటమే అన్నట్టు గాంధీ ప్రకటన చేసినాడని అందరికీ తెలుసు. అదే ప్రకటనలో ఇంకొక సంగతి ఉంది, దాన్ని ఎవురూ తలుచుకోరు. కాంగ్రెస్ రిజిస్టర్లలో దొంగ సభ్యులు శానా మంది చేరినారని, వాటిని గట్టిగా తనిఖీ చేస్తే ఈ డెలిగేట్లలో ఎంతో మంది నిలబడరని ఆయనే చెప్పినాడు. గెలిచినోళ్లకు ఆ మాట అవసరం లేదు, ఓడినోళ్లు తమ జేబులో ఉండే రసీదులు తలుచుకోని ఊరుకున్నారు.

ఆ ఎన్నికలో మన ఊళ్లకు ఒక తమాషా ఉంది. 1920లో నాగపూరు మహాసభలో కాంగ్రెస్ తన రాష్ట్రాల్ని భాషల లెక్కన విడగొట్టుకుంది. యాభై వేల జనాభాకు ఒక డెలిగేటు మించకూడదని కూడా అప్పుడే లెక్క పెట్టినారు. మనం ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. కాంగ్రెస్ లెక్కలో మైసూరు సీమ కాబట్టి కర్ణాటక కింద పడినాం. ముళబాగిలు దాటి, నంగలి దాటి, పలమనేరు పక్కకు పోతే మన చుట్టాలే, వాళ్లు ఆంధ్ర కింద. 1939లో ఆంధ్ర డెలిగేట్లు ఎక్కువ మంది పట్టాభికి వేసినారు, కర్ణాటక డెలిగేట్లు ఎక్కువ మంది బోసుకు వేసినారు. పట్టాభి ఓడినాడని అవతలి ఊళ్లో వియ్యంకుడు తల పట్టుకుంటే, ఇవతల మా నాయన ఏమీ అనలేక నవ్వినాడంట. ఆయన అంతకు ముందు ఏడాది విదురాశ్వత్థంలో జెండా కోసం పోయిన జనంలో ఉండినాడు. 1938 ఏప్రిల్ 25న అక్కడ పోలీసులు కాల్చినారు. జెండా పట్టుకోని కాల్పులకు ఎదురు నిలబడినోడికి కూడా డెలిగేటు కుర్చీ రాలే. రసీదు పుస్తకం ఆయన చేతిలో లేదు గదా.

మన క్యాసంబళ్లి కేసీ రెడ్డి గారి సంగతి కూడా ఇదే దారిలో చూడాల. చెంగలరాయ రెడ్డి అనే పేరు మీ బడి పుస్తకాల్లో ఉందో లేదో! కేజీఎఫ్ బంగారు గనులకు కూతవేటు దూరంలో పుట్టిన మనిషి. ప్రజాపక్షం పెట్టి, మైసూరు కాంగ్రెస్ నడిపి, మైసూరు చలో ఉద్యమం అయినాక 1947 అక్టోబరు 25న మైసూరు మొదటి ముఖ్యమంత్రి అయినాడు. ప్రభుత్వం ఆయన చేతిలో ఉండగానే పార్టీ కమిటీ కెంగల్ హనుమంతయ్య చేతికి పోయింది. 1952 ఎన్నికలు అయినాక ముఖ్యమంత్రి కుర్చీ కూడా హనుమంతయ్యకే పోయింది. రెడ్డి గారు మంచి పాలకుడే, కానీ కమిటీని ఊరికే వదిలిపెట్టినాడని మా నాయన చివరిదాకా అనేవాడు.

అవతలి పక్క ఆంధ్రలో ఇంకా గట్టిగా తగులుకున్నారు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఆచార్య రంగా, నీలం సంజీవరెడ్డి పోటీ పడితే సంజీవరెడ్డి గెలిచినాడు. దొంగ సభ్యత్వాలని అరుపులు, కేకలు. రంగా బయటికి పోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టినాడు, ప్రకాశం పంతులు కూడా బయటికి పోయి ప్రజాపార్టీ పెట్టినాడు. సంజీవరెడ్డి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇప్పుడు 1969. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ పోయినాడు. కొత్త రాష్ట్రపతిగా ఎవుర్ని నిలబెట్టాలన్న దగ్గర కాంగ్రెస్ రెండుగా చీలడానికి సిద్ధంగా ఉంది. పార్టీ అధ్యక్షుడు మన మైసూరు రాష్ట్రం మనిషే, చిత్రదుర్గం నిజలింగప్ప. ప్రధాని ఇందిరాగాంధీ. జులైలో ఏఐసీసీ బెంగుళూరులో, లాల్‌బాగ్ గాజు ఇంట్లో. మా తాలూకా నుంచి కొంతమంది కుర్రోళ్లను వాలంటీర్లుగా పిలిపించినారు, నేనొకణ్ణి. మారికుప్పం రైలెక్కి పొయినాం.

గాజు ఇల్లు మీరు పూల ప్రదర్శన అప్పుడు చూసినారు. ఆ దినాల్లో అక్కడ పూలకు బదులు తెల్ల టోపీలు. జులై తుంపర. నన్ను ఒక గేటు దగ్గర నిలబెట్టినారు. పని ఒకటే, కార్డు చూసి లోపలికి పంపించడం. ఏఐసీసీ సభ్యుడి కార్డు వేరే, చూసేదానికి వచ్చినోళ్ల పాసు వేరే. సభ్యుడైతే ముందు పరుపు మీద కూర్చోవచ్చు, చెయ్యెత్తవచ్చు. పాసు వాడు వెనక కట్టిన తాడు దాటకూడదు. మన జిల్లా భూస్వామి ఒకాయన, ఊళ్లో ఎదురొస్తే మేం చెప్పులు చేతిలో పట్టుకోని పక్కకు జరిగే మనిషి, పాసు పట్టుకోని సభ్యుల గేటు దగ్గరికి వచ్చినాడు. "ఇక్కడ కాదు సామీ, ఆ పక్క" అన్నా. నన్ను ఎగాదిగా చూసి, "ఎవుని కొడుకువిరా నువ్వు?" అన్నాడు. అప్పుడే బక్కగా, నలిగిన ఖద్దరు చొక్కాతో ఒక మనిషి ఏ రాష్ట్రం నుంచో వచ్చి కార్డు చూపించి, మా ఇద్దరి మధ్యలో నుంచి లోపలికి పోయినాడు. ఆయన పోయిన వైపే చూస్తా నిలబడిపోయినాడు మన భూస్వామి. కార్డు ముక్కకు ఉండే బలం ఆ గేటు దగ్గర నాకు తెలిసింది.

మొదటి దినం ఇందిరమ్మ రాలే. బ్యాంకుల గురించి, ఆర్థిక విధానం గురించి ఒక నోటు రాసి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చేతికిచ్చి పంపించింది. అంతా ఆ నోటు గురించే గుసగుసలు. జులై 12న కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చోని, నలుగురు ఒక పక్క, ఇద్దరు ఒక పక్క అయ్యి, రాష్ట్రపతి పదవికి సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. ప్రధాని ఆ ఇద్దరి పక్క. తన మాట సాగలేదని ఆమె మొహంలో తెలిసిందని లోపల ఉన్నోళ్లు చెప్పినారు. నేను గేటు దగ్గరోణ్ణి, మొహం చూడలే.

నాలుగు దినాలకు, జులై 16న, మొరార్జీ దేశాయి దగ్గర నుంచి ఆర్థిక శాఖ తీసేసింది. 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది. కేజీఎఫ్‌లో ఆ వారం పండగ. ఎందుకో చెప్పండి? మన బంగారు గనులు 1962 చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ కిందికి పోయినాయి. అప్పుడూ ఆర్థిక మంత్రి మొరార్జీయే. 1963లో బంగారం నియంత్రణ తెచ్చి, 14 క్యారెట్లు మించి నగ చెయ్యొద్దన్నాడు. బంగారం తవ్వేది మనం, నగ చెయ్యకూడదని చట్టం మనకు! రాబర్ట్‌సన్‌పేట కంసాలి అంగళ్లలో ఆయన పేరెత్తితే పుల్లవిరిచినట్టు మాట్లాడేవాళ్లు. ఛాంపియన్ రీఫ్ గనిలో పని చేసే మీ పెద్దతాత షిఫ్టు దిగి వచ్చి, రేడియోలో ఆ వార్త విని, రెండో కప్పు టీ చెప్పినాడు.

రాష్ట్రపతి ఎన్నిక ఆగస్టు 16న. పార్టీ మనిషి సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు. స్వతంత్రంగా నిలబడింది వి.వి. గిరి, బరంపురం. ఇద్దరూ తెలుగోళ్లే. దేశం చీలిందీ తెలుగోళ్ల పోటీలోనే అని మా నాయన ఎగతాళి చేసేవాడు. అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యండని ఇందిరమ్మ పక్కోళ్లు అన్నారు. పార్టీ నిలబెట్టిన మనిషికి పార్టీ ప్రధానే ఓటెయ్యమని చెప్పకపోతే ఇంక క్రమశిక్షణ ఏముందని నిజలింగప్ప పక్కోళ్లు అన్నారు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపినాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆగస్టు 20న ఫలితం చెప్పినారు.

కొట్లాట అసలు రూపం అప్పటి నుంచే మొదలైంది. ఇందిరమ్మ పక్కోళ్లు, ఏఐసీసీ సమావేశం పెట్టండి, కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాం అని సంతకాలు సేకరించినారు. నాలుగు వందలు దాటినాయి సంతకాలు. మీ సంతకాలు నియమం ప్రకారం లేవు, సమావేశం పెట్టను అన్నాడు అధ్యక్షుడు. మెజారిటీ అడిగితే పెట్టాల్సిందే అని వీళ్లు. నిబంధనల పుస్తకం ఒకటే, ఇద్దరూ చెరొక పేజీ తీసి చూపించినారు.

వర్కింగ్ కమిటీలో బలాలు దాదాపు సమానం. ఒక మనిషి అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు. తమిళనాడు సి. సుబ్రమణ్యం ఇందిరమ్మ పక్క. ఆయన రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చినాడు. నిజలింగప్ప ఏమన్నాడంటే, ఆ పదవి ఉన్నందువల్ల నువ్వు ఏఐసీసీ సభ్యుడివి, పదవి పోయింది కాబట్టి సభ్యత్వమూ పోయింది, కాబట్టి వర్కింగ్ కమిటీలో నీకు కుర్చీ లేదు. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌ను కూడా తీసేసినాడు. ఒక్కో కుర్చీ లాగితే లెక్క తారుమారు అవుతాదని అందరికీ తెలుసు. నాకైతే, నియమం ప్రకారం నిజలింగప్ప మాటలో పసలేదనలేను. కానీ అవసరం పడిన దినమే ఆ నియమం ఎందుకు గుర్తుకొచ్చిందని అడిగితే జవాబు ఉండదు. ఇందిరమ్మ పక్కోళ్లు తక్కువ తిన్నారా? పార్టీ మనిషిని ఓడించి, అదే పార్టీ నియమాల పేరు మీద సమావేశం అడిగినారు.

నవంబరు 1న ఢిల్లీలో ఒకే టైముకు రెండు వర్కింగ్ కమిటీలు కూర్చున్నాయి. 21 మందిలో పది మంది ప్రధాని ఇంట్లో, పదకొండు మంది జంతర్ మంతర్ రోడ్డు ఆఫీసులో. నవంబరు 12న ఇందిరమ్మను పార్టీ నుంచి బహిష్కరించినారు. ప్రధానమంత్రిని! ఆమె పక్కోళ్లు 22, 23 తేదీల్లో ఢిల్లీలో సొంతంగా ఏఐసీసీ పెట్టుకుంటే, ఎన్నికైన 705 మంది సభ్యుల్లో 446 మంది వచ్చినారని లెక్క. పుస్తకం జంతర్ మంతర్ రోడ్డులో మిగిలింది, మనుషులు ఈ పక్కకు వచ్చేసినారు.

డిసెంబరులో రెండు మహాసభలు. అహ్మదాబాదు పక్క గాంధీనగర్‌లో నిజలింగప్ప వాళ్లది, బొంబాయిలో ఇందిరమ్మ వాళ్లది. అక్కడ జగ్జీవన్ రామ్ అధ్యక్షుడు. మైసూరులో ముఖ్యమంత్రి వీరేంద్ర పాటిల్, రాష్ట్ర కమిటీ అంతా నిజలింగప్ప పక్క. ఇందిరమ్మ పక్క నిలబడింది దేవరాజ్ అరసు. మా బ్లాకు డెలిగేటు, ఆ బొటనవేలి పెద్దమనిషే, ఆయన ఇంటికి రెండు పిలుపులు వచ్చినాయి. ఒకటి అహ్మదాబాదుకు, ఒకటి బొంబాయికి. రెండింటికీ ఆయన అసలైన డెలిగేటే. ఆయన ఏం చేసినాడనుకుంటిరి? కామెర్లు వచ్చినాయని మంచం పట్టినాడు. చూసేదానికి నేను పొయినాను. తలగడ కింద రెండు జాబులూ ఉండాయి, పక్కన పళ్లెంలో కోడికూర ఉంది. "గాలి యాడికి తిరుగుతాదో చూద్దాం రా అబ్బయ్యా" అన్నాడు. గాలి తిరిగినాక లేచినాడు, కామెర్లు పోయినాయి.

ఎర్రజెండా వాళ్లను కూడా వదలకూడదు. కేజీఎఫ్ గనుల్లో ఎర్రజెండా యూనియన్‌కు మంచి బలం ఉండేది. వాళ్ల కమ్యూనిస్టు పార్టీలో కూడా 1964లో జాతీయ కౌన్సిల్ నుంచి 32 మంది లేచిపోయినారు. ఆ జులైలో మన తెనాలిలో వాళ్లు సభ పెడితే 146 మంది డెలిగేట్లు వచ్చినారు, లక్ష మంది సభ్యుల తరఫున వచ్చినాం అన్నారు. అవతలి పక్కోళ్లు మీరు ఎవరి తరఫునా కాదన్నారు. దొరల మీద సమ్మెలు ఒక్కటై చేసిన కార్మికులు ఆ తరువాత టీ అంగడిలో వేరే వేరే బెంచీల మీద కూర్చున్నారు.

ఇంక ఎద్దుల దగ్గరికి వస్తా. రెండు కాంగ్రెస్‌లూ జోడెద్దులు మావే అన్నాయి. 1968 నాటి గుర్తుల ఆదేశం ప్రకారం పార్టీ చీలితే ఏ పక్కది అసలు పార్టీనో ఎన్నికల సంఘం తేల్చాల. ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.పి. సేన్ వర్మ 1971 జనవరి 11న, జగ్జీవన్ రామ్ అధ్యక్షుడిగా ఉండే పక్షమే అసలు కాంగ్రెస్ అన్నాడు. అవతలి పక్షం తరఫున సాదిక్ అలీ సుప్రీంకోర్టుకు పోయినాడు. మార్చిలో ఎన్నికలు. కోర్టు తేల్చేదాకా ఎద్దులు ఎవురికీ లేవు. ఇందిరమ్మ పక్షానికి ఆవూదూడ, నిజలింగప్ప పక్షానికి చరఖా తిప్పే ఆడమనిషి.

ఆ ఎన్నికల్లో నేను ఊరూరూ తిరిగినా. ముసలమ్మలు బ్యాలెట్ నమూనా కాగితం కళ్ల దగ్గర పెట్టుకోని ఎద్దుల కోసం వెతికేవాళ్లు. "ఎద్దులు యాడికి పోయినాయి నాయనా?" అంటే, "కోర్టుకు పోయినాయి అవ్వా" అనేవాణ్ణి. ఒకామె, "కోర్టుకు పోయిన గొడ్డు తిరిగి రాదు, ఈ ఆవుకే వేస్తాలే" అనేసింది. మైసూరు రాష్ట్రంలో ఉండే 27 లోక్‌సభ సీట్లూ, మన కోలారుతో సహా, ఆవూదూడకే పడినాయి. ఏడాది తిరిగేసరికి 1972 మార్చిలో అరసు ముఖ్యమంత్రి అయినాడు.

సుప్రీంకోర్టు తీర్పు 1971 నవంబరు 11న వచ్చింది. వాళ్లు నియమాల పుస్తకంలో ఎవురు ముందు తప్పు చేసినారని తవ్వుకుంటా కూర్చోలే. చీలికకు ముందు ఉండిన ఏఐసీసీ సభ్యుల్లో, నాలుగు వేలకు పైబడిన డెలిగేట్లలో, ఎక్కువ మంది ఎటుండారో అదే అసలు పార్టీ అన్నారు. అవతలి వకీలు, అడుగున ఉండే ప్రాథమిక సభ్యుల మనసు తెలుసుకోవాల గదా అని వాదించినాడు. అంత మందిని అడగడం అయ్యే పని కాదు, వాళ్లు ఎన్నుకున్న వాళ్ల లెక్కే చాలని కోర్టు ఆ దారిలోనే పోయింది. న్యాయంగా చూస్తే ఇంకొక దారి లేదు. కానీ నాకు ఆ దినం పేపర్ చదువుతా ఉంటే, రిజిస్టరులో ఉండిన ఆ కొడవలి గాటు గుర్తుకొచ్చింది. ఆ లెక్కలో మా మునెప్పలు కూడా ఉండారు గదా, పుట్టని మునెప్పలు! గెలిచినాక కూడా ఇందిరమ్మ పక్షం ఆవూదూడతోనే నడిచింది. ఆ జోడెద్దులు మళ్లీ కాంగ్రెస్ కాడికి రాలే.

మొన్న న్యూజెర్సీ నుంచి మీ అన్న ఫోన్ చేసినప్పుడు ఈ కథ చెప్తే వాడు నవ్వినాడు, "తాతా, ఇక్కడా ఇదే" అన్నాడు. వాడుండే రాష్ట్రంలోనే అట్లాంటిక్ సిటీ అని ఊరు ఉందంట. 1964లో డెమొక్రాట్ల మహాసభ అక్కడే. మిసిసిపి రాష్ట్రంలో నల్లవాళ్లను ఓటు దరిదాపులకు రానీకుండా, తెల్లోళ్లే డెలిగేట్లుగా వచ్చినారు. నల్లవాళ్లు వేరే పార్టీ పెట్టుకోని, తమ డెలిగేట్లను తీసుకుపోయి ఆ కుర్చీలు మావి అన్నారు. ఫ్యానీ లూ హేమర్ అనే ఆమె, పత్తి చేలల్లో పని చేసిన మనిషి, ఓటు నమోదు పనిలో తిరిగినందుకు జైల్లో కొట్టిన దెబ్బల గురించి, డెలిగేట్ల అర్హతలు తేల్చే క్రెడెన్షియల్స్ కమిటీ ముందర చెప్పింది. రెండు కుర్చీలు ఇస్తాం, సర్దుకోండి అన్నారు పెద్దోళ్లు. వద్దు పొమ్మన్నారు వాళ్లు. 2008లో ఫ్లోరిడా, మిషిగన్ రాష్ట్రాలు పార్టీ చెప్పిన తేదీకి ముందే ఎన్నిక పెట్టుకున్నాయని శిక్ష వేసి, చివరికి మే 31న, డెలిగేట్లు కూర్చోవచ్చు గానీ తలకు అర ఓటే అన్నారంట. అర ఓటు! మన నిజలింగప్పకు ఆ ఉపాయం తట్టలే. ఆగస్టులో మళ్లీ పూర్తి ఓటు ఇచ్చేసినారంట, అప్పటికి పోటీ అయిపోయింది కాబట్టి.

మన దగ్గర ఇప్పుడు బాగుపడిందా అంటే, కొంచెం. 2022లో కాంగ్రెస్ అధ్యక్షుని ఎన్నిక జరిగింది. శశి థరూర్, మనీష్ తివారీ వంటి ఎంపీలు ఓటు వేసే డెలిగేట్ల లిస్టు చూపించమని పార్టీ ఎన్నికల అధికారి మధుసూదన్ మిస్త్రీకి రాసినారు. ఓటరు ఎవురో తెలీకుండా పోటీ ఎట్లా చేసేదని వాళ్ల ప్రశ్న. ముందు కుదరదన్నారు, తరువాత పోటీ చేసేవాళ్లకు చూపిస్తామన్నారు. డెలిగేట్లకు గుర్తింపు కార్డులు ఇచ్చినారు. అక్టోబరు 17న ఓట్లు. మన కర్ణాటక మనిషి మల్లికార్జున ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072. ఖర్గే ఏ సంవత్సరంలో కాంగ్రెస్‌లోకి వచ్చినాడో తెలుసా? ఆ 1969లోనే, గుల్బర్గా పట్టణ కమిటీ అధ్యక్షుడిగా.

మన జిల్లాలో అయితే డెలిగేట్ల దాకా పోనక్కర లేకుండా, టికెట్ దగ్గరే ముగిసిపోతా ఉంది. 2024లో కోలారు లోక్‌సభ టికెట్ కోసం ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు రాజీనామా చేస్తామని బయలుదేరినారు. చివరికి రెండు వర్గాలూ అడగని మనిషికి టికెట్ వచ్చింది, సీటు జేడీఎస్‌కు పోయింది. టికెట్ ఎవురికి ఇవ్వాలని బ్లాకులో ఉండే సభ్యుణ్ణి ఒక్కణ్ణి కూడా ఎవురూ అడగలే. అడుగుదామన్నా, ఆ సభ్యుడు ఉండాడో లేదో పుస్తకం చూస్తే గానీ తెలీదు.

రేపో మాపో మీ వాకిట్లోకి ఏదో ఒక పార్టీ వాళ్లు సభ్యత్వం అని వస్తారు. ఇప్పుడు రసీదు పుస్తకం పోయి ఫోన్ నంబరు, మిస్డ్ కాల్ వచ్చినాయి. చేరండి, చేరొద్దు, అది మీ ఇష్టం. చేరితే మాత్రం, మన ఊరి సభ్యుల లిస్టు ఒకసారి చదివి వినిపించమని అక్కడే అడగండి. అందులో మన మునెప్పలు ఎంతమంది బతికి ఉండారో చూసి చెప్పే తాత ఒకడు ఇంట్లో ఉండాడని కూడా చెప్పండి.